కింద నీళ్ళు, పైన కంపోస్టు: దున్నని టబ్బుల్లో రెండో పంట ఎందుకు పసుపెక్కుతోంది?

మల్లెపందిరి (సర్జాపూర్ రోడ్)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, బెంగళూరు వచ్చి పదకొండేళ్ళయింది. పోయినేడాది మిద్దె మీద ఆరు టబ్బులు పెట్టాను. 200 లీటర్ల నీలం డ్రమ్ములు మూడు తెచ్చి అడ్డంగా సగానికి కోయించాను. అడుగున బెత్తెడు ఎత్తు నీళ్ళు నిలుస్తాయి, పైన అడుగు మందం మట్టి. నీళ్ళు పోయడానికి ఒక పక్క పీవీసీ పైపు, ఎక్కువైనవి బయటికి పోవడానికి ఇంకో పక్క రంధ్రం. దీపం వత్తి నూనె లాగినట్టు మట్టే నీళ్ళను పైకి లాక్కుంటుంది. సంక్రాంతికి ఊరెళ్ళి తొమ్మిది రోజులకు తిరిగొస్తే ఒక్క మొక్క కూడా వాడలేదు. మెట్లెక్కి చూసి అక్కడే కాసేపు కూర్చుండిపోయాను, అంత సంతోషం వేసింది.

మొదటి పంట టమాటా, బాగా కాసింది. అయిపోయాక మట్టి తవ్వలేదు. మొక్కను మట్టి మట్టానికి కోసేసి, వేళ్ళు లోపలే వదిలేసి, పైన రెండంగుళాలు వర్మీకంపోస్టు పరిచి ఎండాకులు కప్పాను. తర్వాత నాలుగు టబ్బుల్లో మళ్ళీ టమాటా, రెండింట్లో వంగ వేశాను. నెలన్నర దాటింది. మొక్కల్లో ఎదుగుదల లేదు. కింది ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. నిన్న ఎండాకులు పక్కకు జరిపి చూస్తే కంపోస్టు కాఫీపొడిలా పొడిపొడిగా ఉంది. వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నాలుగు వేళ్ళ లోతున మాత్రం తడి తగిలింది. దున్నకపోతే మట్టి ఏటేటా బాగుపడుతుందని నమ్మి మొదలుపెట్టాను. ఎక్కడ తప్పు చేశాను?

ఇంకో సంగతి. మొదటి పంటలో ఒక టమాటా మొక్క మిగతావాటికి రెండింతలు కాసింది. దాన్ని కోయబుద్ధి కాక ఒక మూల ఉంచేశాను, ఇంకా చిగుళ్ళు వేస్తోంది. విత్తనాల ప్యాకెట్ మీద ఎఫ్1 హైబ్రిడ్ (రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం) అని ఉంది. దాని కొమ్మల నుంచి మొక్కలు చేసుకోవచ్చా?

కొత్తకుండీ (బీటీఎం లేఅవుట్)

నాదీ ఇదే ప్రశ్న అక్కా. నావి పదంగుళాల కుండీలు. వాటిల్లో కూడా దున్నకుండా చేయొచ్చా?

కానుగనీడ (యలహంక)

మల్లెపందిరి గారూ, జవాబు మీరు రాసిన దాంట్లోనే ఉందమ్మా. కంపోస్టు పొడిగా ఉంది, కింద తడి ఉంది అన్నారు కదా, సమస్యంతా అక్కడే ఉంది.

అనంతపురం దగ్గర మా నాన్నగారి చేలో ఆకులు, పేడ పైన పరిస్తే వాన ఆ సారాన్ని కిందికి దించేది. పైనుంచి తడి పడుతుంది కాబట్టి సూక్ష్మజీవులు, వానపాములు పైకొచ్చి పనిచేసేవి. దున్నని సేద్యం నడిచేది ఆ తడి మీదే. మీ టబ్బులో నీళ్ళ దారి తిరగబడింది. నీళ్ళు కిందినుంచి ఎక్కుతాయి, పైన రెండు మూడంగుళాలకు వచ్చేసరికి ఆగిపోతాయి. ఎండిన కంపోస్టులో ఏ జీవీ పనిచేయదు. నత్రజని అందులోనే ఉంది, వేరుకు మాత్రం అందడం లేదు. మొదటి పంట బాగా రావడానికి కారణం కూడా ఇదే. అప్పుడు మట్టి కలిపినప్పుడే ఎరువు లోపల చేరింది. టమాటా దాన్ని తినేసింది.

చేయాల్సింది చిన్న పనే. వారానికి రెండుసార్లు, పొద్దున్నే, చిల్లుల మూతి ఉన్న డబ్బాతో టబ్బుకు రెండు లీటర్లు పైనుంచి చల్లండి. ఆకులు తీయకండి, ఆకుల మీదే చల్లండి. కంపోస్టు బాగా ఎండిపోయింది కాబట్టి మొదటిసారి నీళ్ళు పట్టవు, పక్కలనుంచి జారిపోతాయి. కొంచెం చల్లి పది నిమిషాలు ఆగండి, మళ్ళీ చల్లండి.

అయితే నత్రజని లోపమేనని తేల్చే ముందు ఒకటి చూసి చెప్పండి. ముందు పసుపెక్కింది ముదురాకులా, లేతాకులా? ముదురాకులు మొత్తంగా పాలిపోతే నత్రజని. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది ఇనుము అందకపోవడం. బోరునీళ్ళు పోసేవాళ్ళ తోటల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఆ నీళ్ళ వల్ల మట్టి క్షారంగా మారితే ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు.

మల్లెపందిరి

ముదురాకులేనండీ. లేతాకులు పచ్చగానే ఉన్నాయి, కానీ చిన్నవిగా ఉన్నాయి. నీళ్ళు మాత్రం బోరువే. టబ్బు అంచున తెల్లటి పొర కడుతోంది, గోటితో గీకితే పొడి రాలుతోంది.

కొలతబద్ద (మారతహళ్ళి)

ఆ తెల్లపొర ఉప్పు. అడుగునుంచి నీళ్ళు పోసే పద్ధతిలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నీరు పైకెక్కి ఆవిరైపోతుంది, అందులో కరిగిన లవణాలు పైనే మిగిలిపోతాయి. మామూలు కుండీలో పోసిన నీళ్ళు అడుగు రంధ్రంలోంచి కొంత ఉప్పును బయటికి లాగేస్తాయి, ఇక్కడ ఆ దారి లేదు. అందుకే రెండు నెలలకోసారి, లేదా పెద్ద వాన వచ్చినప్పుడు, పక్క రంధ్రంలోంచి ధారగా కారేదాకా పైనుంచి నీళ్ళు పట్టించాలి. వాన నీళ్ళైతే ఇంకా మంచిది. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు మాత్రం ఈ టబ్బుల్లో పోయకండి. ఫిల్టర్ వడకట్టిన లవణాలన్నీ వాటిలోనే ఉంటాయి.

కోకోపీట్ కలిపారా? దిమ్మను నానబెట్టాక ఆ నీళ్ళు పారబోసి రెండు మూడుసార్లు కడగాలి. కొబ్బరి పీచులో పుట్టుకతోనే సోడియం, పొటాషియం ఉంటాయి.

బరువు గురించి కూడా చెప్పాలి, ఎవరూ అడగరు కాబట్టి. సగం డ్రమ్ములో 70 లీటర్ల తడి మట్టి, పాతిక లీటర్ల నీళ్ళు అంటే 110 నుంచి 120 కిలోలు. అది ఆనేది పావు చదరపు మీటరు జాగాలో. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు మన దేశపు ప్రమాణం ప్రకారం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అందుకని టబ్బుల్ని స్లాబు నడిమధ్యన గుంపుగా పెట్టకూడదు. కింద గోడ గానీ దూలం గానీ ఉన్న చోట, ఎడం ఎడంగా పెట్టాలి. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించాకే పెట్టండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

దొండపాదు (హోరమావు)

వంగ ఉన్న టబ్బుల్లో ఇంకో పరీక్ష చేయండి అక్కా. ఒక మొక్క పక్కన మట్టి కొద్దిగా తీసి వేరు చూడండి. ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే అది వేళ్ళలో చేరే నులిపురుగు. టమాటా తర్వాత టమాటా, వంగ, మిరప వరసగా వేస్తే అది పెరిగిపోతుంది, అన్నీ ఒకే కుటుంబం. అప్పుడు కూడా మొక్క ఎదగదు, పసుపెక్కుతుంది, మధ్యాహ్నం మట్టిలో తడి ఉన్నా వాడిపోతుంది.

బొబ్బర్లు, చిక్కుడు వేళ్ళకుండే బుడిపెలు చూసి భయపడకండి, అవి మంచివి. తేడా చేత్తో తెలుస్తుంది. చిక్కుడు వేరు బుడిపె వేలితో తోస్తే ఊడి వచ్చేస్తుంది, చిదిమితే లోపల ఎర్రగా ఉంటుంది. నులిపురుగు ముడి ఊడదు, వేరే ఉబ్బిపోయి ఉంటుంది.

ముడులుంటే మాత్రం దున్నకూడదన్న నియమం పక్కన పెట్టండి. ఆ వేళ్ళన్నీ పీకి బయట పారేయండి, కంపోస్టులో కూడా వేయొద్దు. తర్వాత ఆ టబ్బులో ఒక పంట బంతి వేయండి. వేపపిండి కూడా వేయండి. నాకు రెండేళ్ళ క్రితం మూడు టబ్బులు ఇలాగే పోయాయి. వేళ్ళు లోపల వదిలేయాలని పట్టుబట్టి నేనే ఆ పురుగును పెంచాను.

వేళచ్చేరి బాల్కనీ (చెన్నై)

నా మాట వేరేలా ఉంటుంది. కంపోస్టు ఎండిపోయిందంటున్నారు, మట్టితో కలిపేస్తే సరిపోతుంది కదా? అది పొలం కాదు, డెబ్బై లీటర్ల టబ్బు. పొలంలో దున్నితే గాలికి, వానకు మట్టి కొట్టుకుపోతుంది, ట్రాక్టర్ బరువుకు నేల గట్టిపడుతుంది. టబ్బులో ఆ రెండూ లేవు. చేత్తో నాలుగంగుళాలు కలిపితే ఏం నష్టం?

కానుగనీడ

మంచి ప్రశ్న వేశారు. మట్టి కొట్టుకుపోవడం, గట్టిపడటం టబ్బులో లేవు, ఒప్పుకుంటాను. అయినా నేను ఎనిమిదేళ్ళుగా తవ్వకుండా ఎందుకు ఉంటున్నానో చెబుతాను.

పాత మొక్క వేరు లోపలే కుళ్ళితే అక్కడ సన్నటి గొట్టంలాంటి దారి మిగులుతుంది. అందులోంచి గాలి వెళ్తుంది, కొత్త వేరు అదే దారిలో దిగుతుంది. అడుగున ఎప్పుడూ నీళ్ళుండే టబ్బులో గాలి దారులు పొలంలో కంటే ఎక్కువ అవసరం. కలిపిన మట్టి నాలుగు నెలల్లో కుంగిపోతుంది, ఆ దారులు మూసుకుపోతాయి. రెండోది, వేళ్ళకు తోడుండే మైకోరైజా శిలీంధ్రం. దాని పోగులు జుట్టు కంటే సన్నం. వేరు వెళ్ళలేని సందుల్లోంచి భాస్వరం తెచ్చి మొక్కకు ఇస్తుంది. కలియబెడితే ఆ పోగులు తెగిపోతాయి, మళ్ళీ మొదటినుంచి అల్లుకోవాలి. మూడోది మీ పద్ధతికే సంబంధించింది. కంపోస్టును లోతుగా కలిపితే అది నీళ్ళ దగ్గరికి చేరి గాలి లేక కుళ్ళుతుంది. పక్క రంధ్రం దగ్గర మురుగు వాసన వస్తే కారణం అదే. నీటికి దగ్గరగా ఉండే మట్టిలో కోకోపీట్, ఇసుక ఉండాలి, ఎరువు ఉండకూడదు.

అందుకని ఎరువు పైనే ఉండాలి, పైనుంచే తడపాలి. మిరప నారు నాటేటప్పుడు తీసే గుంట మటుకు తీయక తప్పదు, ఆ మాత్రం కదిలితే ఏమీ కాదు.

పైన కప్పే ఆకులకు కానుగ చాలా మంచిది, మన ఊళ్ళలో పొలాలకు తొక్కించేవాళ్ళు కదా. బెంగళూరు రోడ్ల పక్కన కానుగ, నిద్రగన్నేరు చెట్లకు కొదవ లేదు. నిద్రగన్నేరు ఆకు చిన్నది, తొందరగా చివుకుతుంది. పొద్దున్నే ఊడ్చి పోగుపెట్టిన చోట ఒక గోనెసంచి నింపుకుంటే రెండు టబ్బులకు వస్తుంది. కాల్చకుండా కాపాడినట్టూ అవుతుంది. చెరకు పిప్పి తేకండి, చీమలు వస్తాయి.

కొత్తకుండీ గారికి: పదంగుళాల కుండీలో ఇది కుదరదు బాబూ. ఒక్క పంటకే వేళ్ళు కుండీ అంతా చుట్టుకుపోయి మట్టికి చోటు మిగలదు. చిన్న కుండీని తిరగేసి, వేరుబంతి తీసి, మట్టి కొత్తగా కలుపుకోవడమే మేలు. కనీసం 40 లీటర్ల తొట్టి ఉంటే దున్నకుండా మొదలుపెట్టు.

వేళచ్చేరి బాల్కనీ

నీటి దగ్గర ఎరువు కుళ్ళుతుందన్నది నేను ఆలోచించలేదండీ. నాకు పోయిన మే నెలలో వాసన వచ్చింది, ఎండకని అనుకున్నాను.

మా దగ్గర బాల్కనీ కాబట్టి బరువు భయం. నేను డ్రమ్ములు పెట్టలేదు, మట్టి ముంతలు వాడతాను. పాలిష్, పెయింట్ లేని చిన్న ముంతను మెడదాకా తొట్టి మధ్యలో పాతి, నీళ్ళు నింపి మూత పెడతాను. చుట్టూ మట్టి ఎండితేనే నీళ్ళు ఊరతాయి. చెన్నై ఎండలో రెండు లీటర్ల ముంత రెండు రోజులు వస్తుంది. మన పెద్దవాళ్ళు కొబ్బరి మొక్కల పక్కన కుండ పాతేవారే, అదే ఇది. ఇందులో నీళ్ళు మధ్యనుంచి పక్కలకు వెళ్తాయి కాబట్టి పైపొర ఇంత ఎండిపోదు. బోరునీళ్ళ ఉప్పుకు ముంత రంధ్రాలు పూడుకుపోతాయి, ఆరు నెలలకోసారి తీసి పీచుతో రుద్ది నానబెట్టాలి.

డ్రమ్ముకు బయట తెల్ల సున్నం వేయండి అక్కా. నీలం ప్లాస్టిక్ ఎండకు కాగి పక్కల వేళ్ళు ఉడికిపోతాయి.

కొలతబద్ద

దోమల గురించి ఒక్క మాట. డెంగీ దోమ నిలవున్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. నీళ్ళు పోసే పైపుకు బిరడా, పక్క రంధ్రానికి సన్నటి నైలాన్ వల తప్పనిసరి. ఇది మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికి సంబంధించింది.

ఆరు టబ్బుల్నీ ఒక ఫ్లోట్ వాల్వు (నీళ్ళు తగ్గితే తనే తెరుచుకునే వాల్వు) ఉన్న బకెట్‌కు పైపుతో కలపాలని ఎవరైనా అనుకుంటే ముందు మిద్దె వాలు చూసుకోండి. వాన నీళ్ళు పోవడానికి స్లాబుకు వాలు ఉంటుంది. మీటరుకు ఒక సెంటీమీటరు వాలున్నా నాలుగు మీటర్లకు నాలుగు సెంటీమీటర్లు. పైపుతో కలిపితే అన్నింటిలో నీటి మట్టం ఒకటే కదా, దాంతో పై టబ్బుకు నీళ్ళందవు, కింది టబ్బు పొర్లిపోతుంది. ఇటుక ముక్కలు పెట్టి అన్నింటినీ ఒకే మట్టానికి తెచ్చాకే కలపాలి. నేను పారదర్శకమైన సన్న గొట్టంలో నీళ్ళు నింపి మేస్త్రీలు చూసినట్టే చూసుకున్నాను.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్ళు మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అన్నప్పుడు మా వీధిలో చాలామంది తోటలు వదిలేశారు. నేను బియ్యం, కూరలు కడిగిన నీళ్ళతో ఆ ఎండాకాలం గట్టెక్కాను. అయితే ఆ నీళ్ళు పైపులో పోయలేదు, అడుగున పులిసిపోతాయి. పైనుంచి చల్లాను. ఇప్పుడు కానుగనీడ గారు చెప్పింది చదివాక, ఆ ఏడాది నా మొక్కలు ఎందుకంత బాగున్నాయో తెలిసింది.

దొండపాదు

ఇక కొమ్మల సంగతి నాకు వదిలేయండి, నాకు ఇష్టమైన పని.

ఎఫ్1 హైబ్రిడ్ విత్తనం దాచి వేస్తే పిల్లలు రకరకాలుగా వస్తాయి, తల్లిలా రావు. కొమ్మ నాటితే వచ్చేది ఆ మొక్కే, కొత్తది కాదు. ఇక్కడి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ కూడా ఎఫ్1 హైబ్రిడ్డే, దాన్ని నేను పక్కకొమ్మలతో మూడు తరాలు నడిపాను. టమాటాకు ఆకు, కాండం కలిసే చోట పుట్టే పక్కకొమ్మను జానెడు పొడవు ఉన్నప్పుడు తీసుకోండి. పూత లేనిదై ఉండాలి. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, కణుపు కిందుగా కోయండి. కింది ఆకులు తీసేసి చివర రెండు మూడు ఉంచండి. గ్లాసు నీళ్ళలో కణుపు మునిగేలా పెట్టి, వెలుతురు ఉండి ఎండ తగలని చోట ఉంచండి. నీళ్ళు రెండు రోజులకోసారి మార్చండి. నాలుగైదు రోజులకు కాండం మీద తెల్లటి గరుకు బొడిపెలు వస్తాయి, వారం పది రోజుల్లో వేళ్ళు. వేలెడు పొడవు దాటకముందే మట్టిలోకి మార్చాలి. నీళ్ళలో పెరిగిన వేరు పెళుసు, ఎక్కువ పెరిగితే నాటేటప్పుడు విరిగిపోతుంది.

డిసెంబరు, జనవరి రాత్రుళ్ళలో ఇక్కడ చలికి ఇదే పని రెండు మూడు వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి, రోజూ పైకి లాగి చూడకూడదు.

కానీ అక్కా, ముందు ఆ తల్లి మొక్కను బాగా చూడండి. ఆకుముడత ఉందా? చిగుళ్ళు ముడుచుకుని, అంచులు పైకి తిరిగి పసుపుగా ఉంటే ఆ కొమ్మ ముట్టుకోవద్దు. తెల్లదోమ మోసుకొచ్చే ఆ వైరస్ కొమ్మలోనే ఉంటుంది, మీరు పది మొక్కలు చేస్తే పదింటికీ వెళ్తుంది. ఏడాది దాటిన మొక్క అంటే నాకు అనుమానమే.

అన్నీ నీళ్ళలో రావు. పుదీనా, బచ్చలి, తులసి వస్తాయి. మిరప నెల తీసుకుంటుంది. మల్లె, గులాబీకి పెన్సిలంత ముదురు కొమ్మ, తడి కోకోపీట్, రూటింగ్ హార్మోన్ పొడి, పైన పాలిథిన్ కవర్ కావాలి. కరివేపాకు కొమ్మతో తిప్పలు పడేకంటే తల్లి చెట్టు చుట్టూ వచ్చే పిలకను వేరుతో సహా తవ్వుకోవడం నయం. దొండ మాత్రం కొమ్మతోనే పెంచాలి. ఆడ, మగ వేరువేరు పాదులు, గింజ వేస్తే ఏదొస్తుందో తెలియదు. కాసే పాదు నుంచి తెచ్చిన తీగ కాస్తుంది.

కొత్తకుండీ

కొమ్మ కింద ఏటవాలుగా కోయాలంటారు, ఎందుకు? నేను కోసిన గులాబీ కొమ్మలు ఐదూ ఎండిపోయాయి.

దొండపాదు

ముఖ్యంగా తల ఏది, మొదలు ఏది అని గుర్తుండటానికి తమ్ముడూ. వేళ్ళు పుట్టించే ఆక్సిన్ అనే హార్మోన్ చిగురులో తయారై కిందికి దిగి, కోసిన చోట చేరుతుంది. అందుకే మొదలు వైపే వేళ్ళొస్తాయి. ఆకులు రాలిన గులాబీ కొమ్మలు పది ఒకచోట పెడితే ఏది తలకిందులో తెలియదు. అందుకని పైన అడ్డంగా, కింద ఏటవాలుగా కోస్తాను. నీవి ఐదూ ఎండాయంటే పైన కవర్ వేయలేదేమో. వేరు లేని కొమ్మ నీళ్ళు తాగలేదు, ఆకులోంచి మాత్రం పోతూనే ఉంటాయి. ఇరవై లీటర్ల పాత నీళ్ళ క్యాను అడుగు కోసి బోర్లించు, చాలు.

మల్లెపందిరి

ఐదు వారాలయింది, చెబుదామని వచ్చాను.

వంగ వేళ్ళు చూశాను. ఒక టబ్బులో ముడులున్నాయి. ఏడుపొచ్చింది, కానీ దొండపాదు గారు చెప్పినట్టు అన్నీ పీకేసి బంతి వేశాను. రెండో టబ్బు శుభ్రంగా ఉంది. పాత టమాటా మొక్కకు నిజంగానే చిగుళ్ళు ముడుచుకున్నాయి, నేనే ఇన్నాళ్ళూ గమనించలేదు. తీసేశాను. కొమ్మలు చేయలేదు.

మిగతా ఐదు టబ్బులకూ బుధ, ఆదివారాల్లో పైనుంచి చల్లుతున్నాను. మధ్యలో ఒక రాత్రి పెద్ద వాన పడింది, పక్క రంధ్రాల్లోంచి టీ రంగు నీళ్ళు గంటసేపు కారాయి. ఆ తర్వాత మళ్ళీ తెల్లపొర కనిపించలేదు. మూడో వారానికి కొత్త ఆకులు అరచేయంత వచ్చాయి. నిన్న ఎండాకులు జరిపి చూస్తే కింద కంపోస్టు నల్లగా, ముద్దగా ఉంది. ఆకులన్నీ తెల్లటి దారాలతో ఒకదానికొకటి కుట్టినట్టు అతుక్కున్నాయి. ఒక ఆకు లేపితే కింద వానపాము, నేను చూస్తుండగానే లోపలికి జారిపోయింది. మళ్ళీ అలాగే కప్పేశాను.

ఇప్పుడు ఒక టబ్బులో దొండ పెట్టాలని ఉంది. ఎవరి దగ్గరైనా కాసే పాదు ఉందా?

కానుగనీడ

ఆ తెల్లదారాలు ఆకును చివికించే శిలీంధ్రం. వాటిని చూసి మందు కొట్టకండమ్మా, అవే పని చేస్తున్నాయి.

దొండపాదు

నా దగ్గర ఉంది అక్కా, నాలుగేళ్ళ పాదు, వారానికి కిలో కాస్తుంది. ఆదివారం పొద్దున మారతహళ్ళి వంతెన దగ్గరికి వస్తాను, మీకూ కొత్తకుండీ తమ్ముడికీ నాలుగేసి ముక్కలు తెస్తాను. తడిగుడ్డ చుట్టి, పైన పేపరు కట్టి ఇస్తాను, ఆ రోజే నాటండి. ఒక్కో ముక్కకు మూడు కణుపులుంటాయి. ఏటవాలు కోత ఉన్న వైపు మట్టిలోకి, రెండు కణుపులు లోపల, ఒకటి బయట.